రీలు డబ్బాలూ, పంపున్న కార్బొరేటరూ

ఇప్పుడు సినిమా హాలుకు ఏ దారిన చేరుతుందో నాకు సరిగ్గా తెలియదు. మా మేనల్లుడు ఒకసారి వివరించాడు, నేను తలాడించాను, అక్కడితో సరి. ఆ రోజుల్లో అయితే ఇందులో తెలియకపోవడానికేమీ లేదు. సినిమా మన కళ్లముందే, రేకు డబ్బాల్లో, నడిరోడ్డు మీద వెళ్లేది. ఒక్కో డబ్బాలో ఒక రీలు. హాలుకో ప్రింటు తెచ్చుకునే శక్తి అందరికీ ఉండేది కాదు కాబట్టి రెండు హాళ్లు కలిసి ఒకే ప్రింటు తెచ్చుకునేవి. ఒక హాల్లో ఆట ముందు మొదలయ్యేది, రెండో హాల్లో కాస్త ఆలస్యంగా. మొదటి హాల్లో ఆడేసిన రీళ్లను ఎప్పటికప్పుడు రెండో హాలుకు చేరవేయడానికి ఒక మనిషి ఉండేవాడు. అతను దారిలో ఆలస్యమైతే రెండో హాల్లో కథ సగంలో ఆగిపోయి, తెర మీద వెలుతురు తప్ప ఏమీ మిగిలేది కాదు. జనం మొదట ఈలలు వేసేవాళ్లు, తర్వాత కుర్చీలు ఎత్తేవాళ్లు.

ఆ మనిషి పని కొన్నాళ్లు మా బావ చేశాడు. నేను అతని మోటార్ సైకిల్ వెనక డబ్బాలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. (ఎవరైనా పెద్దవాళ్లు ఏం చేస్తున్నావని అడిగితే "సినిమా లైన్‌ల ఉన్న" అని చెప్పేవాణ్ణి.) బావ పోయి ఏడాది దాటింది. మొన్న సంవత్సరీకం రోజు భోజనాలయ్యాక మేనల్లుడు, "నాయిన నౌకరీ రాకముందు ఏం చేసేటోడు మామా?" అని అడిగాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. వంటింట్లో ఉన్న అక్క వచ్చి గడప దగ్గర కూర్చుని నా తప్పులు దిద్దింది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం విన్నాను. అందుకే మీకు కూడా చెబుతున్నాను.

అది డెబ్భైల చివరి మాట. మా ఇల్లు మాదన్నపేటలో, కూరగాయల మార్కెట్ వెనక సందులో. నేను బీఎస్సీ పాసై, ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకుంటూ, రేపోమాపో దేశం నన్ను పిలుస్తుందని ఎదురుచూస్తున్నాను. అక్కకు ఏడో నెల; పురిటికి మా ఇంటికి వచ్చింది. ఆమె వెనకే బావ కూడా వచ్చాడు, ఎందుకంటే అతను పనిచేసే లారీల షెడ్డు అప్పుడే మూతపడింది. అత్తగారింట్లో అలా ఉండిపోవడం అతనికి మింగుడుపడలేదు. అల్లుడున్నాడని అమ్మ రోజూ ఒక కూర ఎక్కువ చేసేది. అది చూసి బావ రోజూ ఒక ముద్ద తక్కువ తినేవాడు. అమ్మ అతనితో నేరుగా మాట్లాడేది కాదు, ఆ మర్యాద అలాంటిది. అల్లుడు ఎదురుగా కూర్చున్నా, "అల్లునికి ఇంకింత పప్పు కావాల్నేమో అడుగు బిడ్డా" అని నాతో అనేది. "చాలని చెప్పు బామ్మర్ది" అని అతను నాతో అనేవాడు. నేను తింటూ ఇద్దరికీ టెలిఫోన్ పని చేసేవాణ్ణి.

అలాంటి రోజుల్లో మా వైపున్న చిన్న టాకీస్‌లో మనిషి కావాలని తెలిసింది. అంతకుముందు పక్క హాలు నుంచి ఒకాయన సైకిల్ మీద రీళ్లు తెచ్చేవాడు. ఇప్పుడు జత కుదిరింది పత్తర్‌గట్టి దాటాక ఉన్న పెద్ద టాకీస్‌తో. అంత దూరం, అంత రద్దీలో సైకిల్ వల్ల కాదు. చిన్న టాకీస్ మేనేజర్ గుంటూరు వైపు మనిషి. ఎండాకాలంలో కూడా ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. బావను ఎగాదిగా చూసి, "ఈ శుక్రవారం కొత్త బొమ్మ పడుతోంది. వారం రోజులు నడిపి చూపించు. బాగుంటే నువ్వే ఉంటావు. తెర ఖాళీగా నిలబడిందంటే మాత్రం ఇంకొకణ్ణి చూసుకుంటానయ్యా, తర్వాత నన్ననుకోవద్దు" అన్నాడు. ఇంటికొచ్చి బావ ఈ మాట చెప్పాక అక్క లేచింది. పొయ్యి దగ్గరికి వెళ్లి, ఆ పూట అతని కంచంలో తనే అన్నం పెట్టింది. అతను అంతా తిన్నాడు.

ఇక బండి సంగతి. అది మిలిటరీవాళ్లు ఎప్పుడో వదిలించుకున్న పాత ఇంగ్లీషు మోటార్ సైకిల్. షెడ్డులో తుక్కు కింద పడి ఉంటే బావ రెండేళ్లు కూర్చుని బతికించుకున్నాడు. బలమైనదే గాని దానికి దగ్గు ఉండేది. నింపాదిగా పోతున్నంతసేపూ బాగానే ఉండేది. దారి దొరికిందని ఒక్కసారి యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పితే ముందుకు దూకాల్సింది పోయి "ఖళ్ళు" మని దగ్గి, కొన్నిసార్లు అక్కడే ఆగిపోయేది. రీళ్లు పట్టుకుని రిక్షాల మధ్య సందు చూసి దూరాల్సిన మనిషికి ఇలాంటి బండి పనికిరాదు. అందుకని బావ జుమ్మెరాత్ బజార్‌లో పాత సామాన్ల గుట్టలన్నీ తిరగేసి, ఇంజిన్‌కు గాలీ పెట్రోలూ కలిపి అందించే కార్బొరేటర్ ఒకటి తెచ్చాడు. ఏ దేశం నుంచో రోడ్డు మార్గాన వచ్చిన ఒక తెల్లవాడి బండిదట. దాని పక్కన బొటనవేలంత పంపు ఒకటి అతికించినట్టు ఉంది.

"ఏంది బావా ఇది?" అన్నాను.

"గదే అసలు సంగతి," అని బావ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూపించాడు. "ఎక్స్‌లేటర్ ఒక్కపారి ఇరగ తిప్పినవనుకో, గాలి లోపటికి ఉరుకుతది. గాలికేముంది, బరువా పాడా. పెట్రోల్ అట్ల కాదు, అది బద్ధకంది, లేశి చెప్పులేసుకుని వచ్చేటాల్లకు ఆలిస్యమైతది. ఆ నడిమిట్ల ఇంజిన్‌కు ఉత్త గాలే దొరుకుతది. అందుకే దగ్గుతది. ఈ పంపు ఏం చేస్తదంటే, నువ్వు తిప్పంగనే పక్కకెల్లి ఒక్క గుక్క పెట్రోల్ చిమ్ముతది. అసలుది వచ్చేదాంక గదే సంబాళిస్తది. దగ్గు లేదు, లొల్లి లేదు."

నేను ఇదే విషయాన్ని పీడనం, సాంద్రత వంటి మాటలు వాడి అతనికి మళ్లీ చెప్పాను. అతను ఓపికగా విని, "నేను చెప్పింది గదే గదా" అన్నాడు.

ఒక రేకు ముక్క కోసి, రబ్బరు పట్టీ వేసి, దాన్ని బిగించేసరికి రెండు రోజులు పట్టింది. గురువారం సాయంత్రం మార్కెట్ ఖాళీ అయ్యాక నన్ను వెనక ఎక్కించుకుని తిప్పి చూశాడు. చెయ్యి అలా తిప్పాడో లేదో బండి ఉలిక్కిపడి లేచినట్టు దూకింది. దగ్గు లేదు. నేను వెనక్కి పడబోయి అతని చొక్కా పట్టుకున్నాను, దాని రెండు గుండీలు ఊడిపోయాయి. ఆ చొక్కాతోనే ఇంటికొచ్చి, "రేపటికెల్లి ఫికర్ లేదు" అని అక్కతో అన్నాడు.

శుక్రవారం మ్యాట్నీలో మొదటి విడత డబ్బాలు సులువుగానే చేరాయి. రెండో విడతకు పెద్ద టాకీస్ దగ్గర సైకిల్ స్టాండ్‌లో బండి పెట్టి, ఇద్దరం పైన ఆపరేటర్ గదికి వెళ్లి, రీళ్లు తీసుకుని దిగాం. అప్పటికి తర్వాతి ఆట టికెట్ల కోసం జనం పోగయ్యారు. కొందరు మా బండి చుట్టూ చేరి మెచ్చుకుంటున్నారు. బావ వాళ్లను తప్పించుకుని ఎక్కి కిక్ కొట్టాడు. కదలిక లేదు. మళ్లీ కొట్టాడు. పెట్రోలు వాసన గుప్పుమంది గాని ఇంజిన్ పలకలేదు. స్టాండ్ చూసుకునే పెద్దాయన (అందరూ స్టాండ్ భాయ్ అనేవారు) దగ్గరికి వచ్చి, "పాత సామాను, భాయ్, రెస్ట్ అడుగుతున్నది" అన్నాడు. బావ ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు విప్పి చూస్తే పెట్రోలుతో తడిసి కారుతోంది. దాన్ని తుడుస్తూ, తల ఎత్తకుండా నాతో, "రిక్షా పట్టు" అన్నాడు.

పట్టాను. డబ్బాలు ఒళ్లో పెట్టుకుని, ముందుకు వంగి, రిక్షా అతన్ని తొందరపెడుతూ పత్తర్‌గట్టి మీదుగా వెళుతున్నాను. అతను తీరిగ్గా తొక్కుతూ, "ఇవి సినిమా డబ్బాలే గదా అన్నా?" అన్నాడు.

"అవును, జల్ది పోనియ్."

"హీరో ఆఖరుకు బతుకుతడా?"

"నువ్వు జల్ది తొక్కితే బతుకుతడు."

ఆ మాటకు అతను నిజంగానే సీటు మీంచి లేచి తొక్కాడు. అయినా సరిపోలేదు. చిన్న టాకీస్ చేరేసరికి లోపల తెర ఖాళీగా ఉంది, హాలంతా ఈలలు. మేనేజర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను పైకి పరుగెత్తి, డబ్బాలిచ్చి కిందికి వచ్చాక, "మీ బావతో చెప్పు. మొదటిరోజు కాబట్టి ఊరుకుంటున్నాను. ఇంకొక్కసారి ఇలా జరిగితే ఆ ఆటతోనే మీకు సెలవు" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఇంత భయం వేసేది కాదు.

వింత ఏమిటంటే, మిగతా ఆటలు ప్లగ్గు తుడుచుకుంటూ ఎలాగో గట్టెక్కాక, ఆ రాత్రి ఇంటి ముందు బండి మొదటి కిక్‌కే పలికింది. బావ పదిసార్లు ఆపి పదిసార్లు స్టార్ట్ చేశాడు. ప్రతిసారీ పలికింది. ఎవరూ లేనప్పుడు పిలిస్తే పలికే బండి, పదిమంది చుట్టూ చేరితే మొండికేస్తోంది. దీనికి కారణం మా అమ్మకు వెంటనే తెలిసిపోయింది.

"దిష్టి," అంది. "నలుగురి నడుమ పెట్టుకుంటే తాకదా మరి. అల్లునికి చెప్పు బిడ్డా, పొద్దుగాల నిమ్మకాయ కడ్తనని."

"అమ్మా, అది కార్బొరేటర్. దానికి దిష్టి ఏంది?"

"నువ్వు చూస్తివా?"

"అత్తమ్మను కట్టుమను బామ్మర్ది," అన్నాడు బావ. "కడితే ఏం పోతది."

శనివారం ఉదయం అమ్మ ఒక నిమ్మకాయనూ, ఆరేడు పచ్చిమిరపకాయలనూ దారానికి గుచ్చి, బండికి ఎక్కడ కట్టాలా అని చుట్టూ తిరిగి చూసి, కుడి చేతి వైపు యాక్సిలరేటర్ పిడి దగ్గర బ్రేకు మీటకు కట్టింది. "బండికి పానమంత ఈడనే ఉన్నది గదా" అంది. నడిపేటప్పుడు దాన్ని పక్కకు జరపాలని, ఆపగానే తిరిగి పిడి మీదికి వేయాలని నా ద్వారా అల్లుడికి ఆదేశం. నేను మాత్రం దారిలో కాలేజీ స్నేహితులెవరైనా కనిపిస్తారేమోనని తల దించుకుని కూర్చున్నాను. న్యూటన్ నియమాలు చదివినవాణ్ణి నిమ్మకాయ వెనక ప్రయాణం చేయడం నాకు చిన్నతనంగా ఉంది.

శనివారం నాలుగు ఆటలకూ బండి ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఆదివారం పెద్ద టాకీస్ దగ్గర నిలబడటానికి చోటు లేదు. అయినా మొదటి కిక్‌కే లేచింది. రాత్రి ఇంటికి వచ్చాక అమ్మ నాకు అన్నం పెడుతూ, "ఏమాయె నీ బీఎస్సీ?" అంది. బావ నవ్వు ఆపుకోవడానికి నీళ్లు తాగాడు, అవి కాస్తా పొలమారాయి. అక్క అతని నెత్తి మీద తడుతూ నావైపు చూసి కన్ను గీటింది. ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బండి నడుస్తున్నందుకు సంతోషించాలో, నిమ్మకాయ గెలిచినందుకు బాధపడాలో తేల్చుకోలేకపోయాను.

సోమవారం మ్యాట్నీకి పెద్ద టాకీస్ స్టాండ్‌లో ఒక మేక మా బండి దగ్గరికి వచ్చి, మేం చూస్తుండగానే నిమ్మకాయనూ మిరపకాయలనూ దారంతో సహా తినేసి, ఇంకా ఉన్నాయేమోనని హ్యాండిల్ వాసన చూసి వెళ్లిపోయింది. బావ ముఖం వాడిపోయింది. "నువ్వు ఈడనే ఉండి బండిని చూస్తుండు, నేను డబ్బాలు తెస్త" అని పైకి వెళ్లాడు. నేను ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్ బల్ల మీద కూర్చుని, చాయ్ ముందు పెట్టుకుని, బండిని చూడటం మొదలుపెట్టాను. ఒక వస్తువును దూరంగా కూర్చుని ఊరికే చూడటం అదే మొదటిసారి అనుకుంటాను.

మొదట స్టాండ్ భాయ్ వచ్చాడు. ఎవరితోనో మాట్లాడుతూ బండికి ఆనుకుని, కుడిచెయ్యి పిడి మీద వేసి, ఊరికే రెండుసార్లు తిప్పాడు. అతను వెళ్లగానే లుంగీ కట్టుకున్న ఒకాయన తన దోస్తును తీసుకొచ్చి, "మిలిట్రీ గాడీ హై" అని పరిచయం చేసి, నాలుగుసార్లు తిప్పాడు. దోస్తు కూడా తిప్పి, తలాడించి, సోడా తాగడానికి వెళ్లాడు. మా పాతబస్తీలో నిలబెట్టిన మోటార్ సైకిల్ కనిపిస్తే దాని చెయ్యి పట్టుకుని పలకరించకుండా పోయే మగవాడు ఉండేవాడు కాదు. అది సలాం లాంటిది. అందులో ఎవరూ తప్పు పట్టడానికేమీ లేదు; ఇంజిన్ ఆగి ఉంది, తిప్పితే ఏమవుతుంది? మామూలు బండికి ఏమీ కాదు.

అప్పుడు నా చేతిలో చాయ్ కప్పు ఆగిపోయింది. లేచి బండి దగ్గరికి వెళ్లాను. కూర్చుని, కార్బొరేటర్ నోట్లోకి చూస్తూ, చెయ్యి పైకి చాచి పిడి తిప్పాను. "చిక్" మని చిన్న చప్పుడు. లోపల సూది మొనంత రంధ్రంలోంచి సన్నటి పెట్రోలు ధార చిమ్మింది. మళ్లీ తిప్పాను, మళ్లీ చిమ్మింది. పంపుకు ఇంజిన్ నడుస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? దానికి తెలిసిందల్లా చెయ్యి తిరిగితే గుక్కెడు చిమ్మడమే. పెట్రోలు ట్యాప్ కట్టేసినా లాభం లేదు, కార్బొరేటర్ కింద గిన్నెలో ఉన్నది చాలు. ఊళ్లో ప్రతి మనిషీ వచ్చి, ప్రేమగా తలా ఇంత పెట్రోలు పోసి, ఇంజిన్‌ను ముంచి వెళుతున్నాడు. శని, ఆదివారాల్లో పిడి మీద నిమ్మకాయ వేలాడుతోంది కాబట్టి చెయ్యి వేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఏ మతంవాడైనా సరే, కట్టిన నిమ్మకాయను ముట్టుకునేవాడు మా వైపు లేడు. నాకు ఎంత ఆనందమేసిందంటే, సరిచూసుకోవడానికి ఇంకో ఎనిమిది, తొమ్మిదిసార్లు తిప్పాను. (శాస్త్ర పరిశోధన పేరుతో ఆ రోజు అందరికంటే ఎక్కువ పెట్రోలు పోసింది నేనే.)

బావ డబ్బాలతో దిగి కిక్ కొడితే బండి పలకలేదు. నేను నవ్వుతున్నాను. "నవ్వుతున్నవేంది, పిచ్చిగిట్ల లేసిందా?" అన్నాడు. ప్లగ్గు విప్పి తుడుస్తూ, రొప్పుతూ చెప్పాను. అతను సగం విని, లేచి, తన చేత్తో పిడి తిప్పి, వంగి చూశాడు. చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు.

"పంపు బిగించింది నేను," అన్నాడు. "అది ఏం చేస్తదో నీకు చెప్పింది నేను. గింత సంగతి తట్టలే సూడు." తర్వాత స్టాండ్ వైపు చూసి, "అంటే ఊరంత గలిసి నా బండికి పెట్రోల్ తాపుతున్నరన్నట్టు" అని అతను కూడా నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వులో మాకు ఆలస్యమై, చిన్న టాకీస్‌లో పాత రీలు చివరి చుట్లు తిరుగుతుండగా కొత్త రీలు చేర్చాం. ఆపరేటర్ మమ్మల్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఇంట్లో అమ్మకు అంతా వివరించాను. శ్రద్ధగా విని, "నేను చెప్పింది గదే గదా, పది మంది తాకుడు మంచిది కాదని" అంది. అలా అనలేదని వాదించబోతే అక్క నా చెయ్యి గిల్లింది. పంపు తీసేద్దామంటే బావ ఒప్పుకోలేదు. అది లేకపోతే రద్దీలో మళ్లీ పాత దగ్గే. ముట్టుకోవద్దని జనానికి చెప్పి చూశాం. చెప్పినకొద్దీ ఎందుకు ముట్టుకోకూడదో తెలుసుకోవడానికి ముట్టుకునేవాళ్లు ఎక్కువయ్యారు. చివరికి మంగళవారం మ్యాట్నీ నుంచి మళ్లీ నిమ్మకాయ కట్టాం, మేకను అదిలించడానికి నేను కాపలా ఉన్నాను. బీఎస్సీతో నాకు దొరికిన మొదటి పని అదే.

బుధవారం కూడా బాగానే గడిచింది. గురువారం ఆఖరి రోజు. అమ్మను, అక్కను చిన్న టాకీస్‌లో మ్యాట్నీకి కూర్చోబెట్టాం. ఇన్ని రోజులుగా తాము భయపడుతున్న సినిమా ఏమిటో చూస్తామన్నారు. ఆట సగంలో పెద్ద టాకీస్ స్టాండ్ దగ్గర నేను బండికి కాపలా ఉండగా ఒక రిక్షా వచ్చి ఆగింది. అందులోంచి తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు దిగాయి. మేనేజర్ స్వయంగా వచ్చాడు. అసలు ఇక్కడ ఏం జరుగుతోందో తన కళ్లతో చూసి, మాట తేల్చేద్దామనుకున్నాడట.

"ఇదేనా మీ గుర్రం?" అన్నాడు బండి చుట్టూ తిరుగుతూ. "పాతదే గాని దర్జాగా ఉందయ్యా."

"అవున్సార్," అన్నాను. బావ అప్పుడే డబ్బాలతో మెట్లు దిగుతున్నాడు.

మేనేజర్ నిమ్మకాయను చూశాడు. "ఏవిటిది? చదువుకున్నవాడివి, నువ్వు కూడా ఇవి నమ్ముతావా?" అన్నాడు. నేను నమ్మనని చెప్పేలోపే దాన్ని రెండు వేళ్లతో తీసి పక్కకు జరిపాడు. ఆ ఊళ్లో నిమ్మకాయంటే భయం లేని మనిషి ఆయనొక్కడే. తర్వాత ఆయన కుడిచెయ్యి, ఎవరూ చెప్పకుండానే, పిడి మీదికి వెళుతోంది.

సార్, ముట్టుకోవద్దు అని ఆయనతో ఎలా అనడం? బావ ఉద్యోగం ఆ చేతిలోనే ఉంది. పీడనం, సాంద్రత అని మొదలుపెడితే నేను ముగించేసరికి బండి నిండా పెట్రోలు ఉంటుంది. నేను మెట్ల దగ్గరికి ఒక్క అంగ వేసి, బావ చేతుల్లోని డబ్బాలు లాక్కుని, "ఒక్క నిమిషం పట్టుకోండి సార్" అని మేనేజర్ రెండు చేతుల్లోనూ పెట్టేశాను. అవి బరువుగా ఉంటాయి. ఆయన వాటిని పొట్టకు ఆనించుకుని నా వంక చూశాడు. బావకు అంతా అర్థమైంది. ఎగిరి ఎక్కి కిక్ కొట్టాడు. ఒక్కదానికే పలికింది.

ఇప్పుడు డబ్బాలు తిరిగి తీసుకుని నేనెక్కాలి. కాని పైనుంచి ఆపరేటర్, "అరే, ఇంకా నిలబడ్డరేంది, టైం లేదు" అని అరిచాడు. బావ వెనక్కి తిరిగి చూడలేదు. వెనక నిలబడింది నేనే అనుకుని, "ఎక్కు ఎక్కు" అన్నాడు. మేనేజర్ ఎక్కాడు. ఎందుకెక్కారని తర్వాత ఎప్పుడో అడిగితే, "నా హాల్లో తెర ఆగిపోతుందంటే ఎక్కనా ఏమిటయ్యా" అన్నాడు. ఎదురుగా రెండు రిక్షాల మధ్య కాస్త సందు కనిపించింది. బావ యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పాడు. పంపు తన పని తాను చేసింది. బండి దగ్గలేదు. నాకు ఆఖరుగా కనిపించింది తెల్ల చొక్కా వెనక్కి వాలడం, వినిపించింది రేకు డబ్బాల మీదుగా ఒక కేక, అంతే. స్టాండ్ భాయ్ నా పక్కకు వచ్చి, "ఆ సాబ్ ఎవరు?" అని అడిగాడు. చెప్పాను. "యా అల్లా" అని తన పని చూసుకోవడానికి వెళ్లిపోయాడు.

నేను ఆయన వదిలేసిన రిక్షాలోనే చిన్న టాకీస్‌కు వెళ్లాను. దారి పొడవునా బావకు ఏం చెప్పాలా, అక్క ముఖం ఎలా చూడాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను. హాల్లోంచి పాట వినిపిస్తోంది, అంటే తెర నడుస్తోంది. మేనేజర్ తన గదిలో కూర్చుని సోడా తాగుతున్నాడు. జుట్టు నిలబడి ఉంది, చొక్కా మీద డబ్బాల తుప్పు గుండ్రంగా అంటుకుంది. బావ ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చూడు," అన్నాడు మేనేజర్ నాతో. "ఇతని బండి ఇంకోసారి నన్ను ఎక్కించారంటే నేనూరుకోను. నాకు పెళ్లాం, పిల్లలు ఉన్నారు. రేపట్నుంచి డబ్బాలు నువ్వే పట్టుకో."

బావ మెల్లగా, "రేపటి నుంచి అంటే సార్?" అన్నాడు.

"రేపట్నుంచంటే రేపట్నుంచే. రేపు కూడా ఆటలున్నాయి కదా?" అని ఆయన సోడా పూర్తిచేసి, సీసా బల్ల మీద పెట్టాడు.

ఆట వదిలాక అమ్మ, అక్క బయటికి వచ్చారు. అక్క మా ముఖాలు చూసింది. బావ బండి పక్కన నిలబడి ఆమెకు చెప్పడం మొదలుపెట్టాడు. మేనేజర్ ఎలా కేక వేశాడో, దారిలో ఎన్నిసార్లు తన నడుం పట్టుకున్నాడో, చివరికి ఏమన్నాడో అన్నీ చెబుతున్నాడు. చెబుతున్నంతసేపూ అతని కుడిచెయ్యి పిడి మీదే ఉంది. సంతోషంలో మాటకొకసారి తిప్పుతున్నాడు. చిక్, చిక్, చిక్. నాకు వినిపిస్తూనే ఉంది. పెట్రోలు వాసన కూడా తెలుస్తోంది. అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది, మళ్లీ నవ్వుతోంది. అతన్ని ఆపాలనిపించలేదు. అమ్మ మాత్రం, ఎన్నడూ లేనిది, నావైపు తిరగకుండా నేరుగా అల్లుడితోనే, "ఇంటికి పోదాం రాండ్రి, ఆకలైతున్నట్టున్నది మీకు" అంది.

బండి కదల్లేదు. కిక్ కొట్టి కొట్టి బావ నావైపు చూశాడు, తన చెయ్యి చూసుకున్నాడు, ఇద్దరం ఒకేసారి నవ్వేశాం. ప్లగ్గు తుడిచే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఇల్లు దగ్గరే కదా అని అమ్మను, అక్కను రిక్షా ఎక్కించి, బావ హ్యాండిల్ పట్టుకుంటే నేను వెనక నుంచి తోస్తూ బయలుదేరాం. మార్కెట్ దగ్గర తెలిసినవాళ్లందరూ ఆపి, "ఏమైంది భాయ్, బండి ఖరాబయ్యిందా?" అని అడిగారు. "లే, మస్తుగున్నది" అన్నాడు బావ ప్రతి ఒక్కరితోనూ. ఆ వెనక తోస్తున్న కుర్రవాడు నాకు ఇప్పటికీ కనిపిస్తాడు. చెమటలు కక్కుతూ, ఏ బండి ఎందుకు ఆగుతుందో ఇక తనకు తెలియనిది లేదనుకుంటూ, కాస్త గర్వంగా తోస్తున్నాడు. వాణ్ణి పిలిచి ఏమైనా చెప్పాలనిపించదు. తోయనీ అనుకుంటాను.